గ్రాఫ్ పేపరు మీద స్థలకాలం: సాపేక్షతను గీసి, లెక్కవేసి నేర్చుకునే పద్ధతి

సాపేక్ష సిద్ధాంతం సొంతంగా చదవడం మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా రెండు చోట్ల ఆగిపోతారు. లోరెంట్జ్ సూత్రాల్లో (ఒకరు కొలిచిన కాలాన్నీ దూరాన్నీ మరొకరి కొలతల్లోకి మార్చేవి) అంకెలు వేసి జవాబు రాబట్టడం వస్తుంది గానీ, ‘ఇద్దరిలో ఎవరి గడియారం నెమ్మది, ఎందుకు?’ అంటే నోరు పెగలదు. అది దాటినవాళ్లు టెన్సర్ల (సూచికలతో రాసే పలు భాగాల రాశుల) అధ్యాయంలో పై సూచికలకూ కింది సూచికలకూ మధ్య చిక్కుకుంటారు. రెండింటికీ మందు ఒకటే: ప్రతి మాటకూ ముందు బొమ్మ గీయాలి, తర్వాత అంకె తేల్చాలి. 1905 నాటి ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని 1908లో కొలోన్ ఉపన్యాసంలో హెర్మన్ మింకోవ్‌స్కీ జ్యామితిగా మార్చి చూపించాడు. మనం వెళ్లేది ఆ దారినే.

కావలసినవి: మిల్లీమీటరు గ్రాఫ్ పేపర్లు ఓ పది, 30 సెంటీమీటర్ల స్కేలు, సన్నగా చెక్కిన పెన్సిలు, రెండు రంగుల పెన్నులు, క్యాలిక్యులేటర్, నున్నటి ప్లాస్టిక్ బంతి, అర సెంటీమీటరు వెడల్పున కత్తిరించిన కాగితపు పట్టీలు. చివరి దశకు ఏదో ఒక స్ప్రెడ్‌షీట్. గణితంలో ఇంటర్ ఎంపీసీలో చెప్పిన అతిపరావలయం, అవకలనం, సమాకలనం గుర్తుంటే సగం దూరం వచ్చేస్తారు. పాక్షిక అవకలనం మూడో దశలో అవసరమవుతుంది, అప్పుడు నేర్చుకోవచ్చు.

మొదటి దశ: ఒక్క షీటు, ఒక్క వేగం

బడిలో గ్రాఫు గీసేటప్పుడు కాలాన్ని అడ్డంగా వేస్తాం. ఇక్కడ నిలువుగా వేయాలి. 1 సెంటీమీటరు పైకి వెళ్తే ఒక సంవత్సరం, పక్కకు వెళ్తే ఒక కాంతి సంవత్సరం. మూలబిందువు షీటు అడుగున మధ్యలో పెట్టి, పైకి 10 సెంటీమీటర్లు, కుడికి ఆరేడు సెంటీమీటర్లు ఉండేలా చూసుకోండి. ఈ ప్రమాణాల్లో కాంతి గీత సరిగ్గా 45 డిగ్రీల వాలుతో వస్తుంది. సెకన్లు, మీటర్లు పెట్టుకుని మొదలుపెడితే కాంతి గీత అడ్డ అక్షానికి అతుక్కుపోతుంది, మిగతావన్నీ నిలువు అక్షానికి అతుక్కుపోతాయి. అప్పుడు బొమ్మలో చూడటానికి ఏమీ మిగలదు.

షీటు మీద ఒక చుక్క అంటే ఒక ఘటన: ఎక్కడ, ఎప్పుడు అన్నది రెండూ అందులోనే ఉన్నాయి. ఒక వస్తువు జీవితం మొత్తం ఒక గీత, దాన్ని ప్రపంచరేఖ అంటారు. ఇంట్లో కదలకుండా కూర్చున్నవాడి ప్రపంచరేఖ నిట్టనిలువు. ఏ వస్తువు గీతా నిలువు నుంచి 45 డిగ్రీలకు మించి వాలకూడదు. వాలిందంటే మీ బొమ్మలో తప్పుంది.

వేగం కాంతిలో 0.6 వంతు తీసుకోండి. 3–4–5 త్రిభుజం వల్ల అంకెలు శుభ్రంగా వస్తాయి కాబట్టి ఈ ఎంపిక: గామా (గడియారం ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.25, డాప్లర్ గుణకం (ఏటా ఒకటి చొప్పున పంపిన సంకేతాలు ఎన్నేళ్లకొకటి అందుతాయో చెప్పే అంకె, దీన్ని ‘కే’ అందాం) √(1.6 ÷ 0.4) = 2. తర్వాత 0.8తో మళ్లీ చేయవచ్చు, అక్కడ కే 3 అవుతుంది. 0.5 లాంటి వేగాలు మొదట్లోనే తీసుకుంటే √3లతో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

మూలబిందువు నుంచి (దూరం 3, కాలం 5) చుక్కకు గీత గీయండి. అది ఇంటి నుంచి ఈ వేగంతో బయలుదేరిన ప్రయాణికుడి కాల అక్షం. (దూరం 5, కాలం 3) చుక్కకు మరో గీత గీస్తే అది అతని దూర అక్షం, అంటే అతని లెక్కలో ‘ఒకే క్షణం’ గీత. రెండూ కాంతి గీతకు అటూ ఇటూ సమానంగా, కత్తెరలా మూసుకుంటూ రావాలి. కొత్తవాళ్లు రెండో గీతను కాల అక్షానికి లంబంగా గీసేస్తారు. కాగితం మీది లంబకోణానికి ఇక్కడ విలువ లేదు.

ఇప్పుడు అసలు మెలిక. ప్రయాణికుడి అక్షం మీద స్కేలు పెట్టి ‘ప్రతి సెంటీమీటరుకూ ఒక సంవత్సరం’ అని గుర్తులు పెట్టారంటే, ఇక్కణ్ణించి చేసే ప్రతి లెక్కా తప్పుతుంది. ఆ గీత మీద (3, 5) చుక్క వరకు స్కేలు చూపించేది √34, అంటే 5.83 సెంటీమీటర్లు. అతని గడియారం చూపించేది మాత్రం √(25 − 9), అంటే 4 సంవత్సరాలు. కాబట్టి అతని ఒక సంవత్సరం ఈ కాగితం మీద 1.46 సెంటీమీటర్ల పొడవుంటుంది. పైథాగరస్‌లో ‘కూడిక’ ఉన్నచోట ఇక్కడ ‘తీసివేత’ ఉంది: అంతరం² = కాలం² − దూరం². సాపేక్షత మొత్తం ఈ ఒక్క రుణ గుర్తులో ఉందంటే అతిశయోక్తి కాదు.

కన్ను పదేపదే మోసపోకుండా ఒక వక్రం గీసి పెట్టుకోండి. కాలం² − దూరం² = 16 అయ్యే చుక్కలు ఇవి: దూరం 0 దగ్గర కాలం 4, దూరం 1 దగ్గర 4.12, 2 దగ్గర 4.47, 3 దగ్గర 5, 4 దగ్గర 5.66, 5 దగ్గర 6.40. వాటిని చేతితో నున్నగా కలపండి. ఈ అతిపరావలయం మీద ఎక్కడ చుక్క పెట్టినా, మూలబిందువు నుంచి అక్కడికి నేరుగా వెళ్లినవాడి గడియారంలో 4 సంవత్సరాలే గడుస్తాయి. మామూలు జ్యామితిలో వృత్తం చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది.

ఈ వక్రానికి (3, 5) దగ్గర స్పర్శరేఖ గీయండి. దాని వాలు 3/5, ప్రయాణికుడి దూర అక్షానికి సమాంతరంగా ఉంటుంది. దాన్ని ఎడమకు పొడిగిస్తే నిలువు అక్షాన్ని 3.2 దగ్గర తాకుతుంది. అంటే తన గడియారం 4 చూపిస్తున్న క్షణాన ఇంటి గడియారం 3.2 చూపిస్తోందని ప్రయాణికుడి లెక్క. ఇంటివాడి వైపు నుంచి చూడండి: ఇంట్లో 4 అయినప్పుడు గీసిన అడ్డగీత ప్రయాణికుడి రేఖను (2.4, 4) దగ్గర తాకుతుంది, అక్కడ అతని గడియారం √(16 − 5.76) = 3.2. ఇద్దరూ ఎదుటివాడి గడియారమే నెమ్మది అంటున్నారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎందుకంటే ఇద్దరి ‘ఒకే క్షణం’ గీతలు వేరు. ఈ రెండు 3.2లూ మీ సొంత షీటు మీద కనిపించేదాకా ముందుకు వెళ్లొద్దు. చుక్క మిల్లీమీటరున్నర పక్కకు పడితే పెన్సిలు మొద్దుబారిందని అర్థం. అర సెంటీమీటరు తేడా వస్తే అక్షం తప్పు గీశారు.

కవలల లెక్క

కవలల్లో ఒకడు ఇంట్లోనే ఉంటే, రెండోవాడు మన ప్రయాణికుడు. అదే షీటు మీద (3, 5) నుంచి (0, 10)కి అతని తిరుగు ప్రయాణం గీయండి. ఇంట్లో 10 సంవత్సరాలు, ప్రయాణికుడికి 4 + 4 = 8. ‘మరి అతని వైపు నుంచి చూస్తే ఇల్లే కదా కదిలింది?’ అన్న ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పబోతే వాదన తెమలదు. సంకేతాలు గీయండి.

ఇంటి నుంచి ఏటా పుట్టినరోజున ఒక కాంతి సంకేతం, అంటే నిలువు అక్షం మీది ప్రతి సెంటీమీటరు నుంచీ 45 డిగ్రీల గీత. వెళ్లేటప్పుడు కే 2 కాబట్టి ప్రయాణికుడికి రెండేళ్లకొకటి అందుతుంది: 4 ఏళ్లలో 2. వచ్చేటప్పుడు అర్ధ సంవత్సరానికొకటి: 4 ఏళ్లలో 8. మొత్తం 10. అటు నుంచి లెక్కపెడితే, అతను పంపిన మొదటి 4 సంకేతాలూ ఇంటికి చేరేసరికి ఇంట్లో 8వ ఏడు నిండుతుంది, మిగతా 4 చివరి రెండేళ్లలో చేరతాయి. మొత్తం 8. వెనక్కి తిరిగిన వార్త ఇంటికి చేరడానికి 3 ఏళ్లు పట్టింది, ప్రయాణికుడికేమో ఆ క్షణమే తెలిసింది. ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదని చెప్పడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇక్కడ ‘త్వరణం వల్ల వయసు తగ్గింది, దీనికి సామాన్య సాపేక్షత (గురుత్వాన్ని కలుపుకున్న సిద్ధాంతం) కావాలి’ అని రాసేవాళ్లు ఎక్కువ. అవసరం లేదు. మలుపు ఎంత పదునుగా ఉన్నా అదే మలుపు. ప్రయాణం పదింతలు పొడవైతే తేడా కూడా పదింతలవుతుంది. తేడా వచ్చేది దారి పొడవు నుంచి. రుణ గుర్తు వల్ల ఇక్కడ నేరుగా వెళ్లే గీతే అతి పొడవైన గీత, వంకర తిరిగినదల్లా పొట్టిది.

ఈ దశ దాటేముందు రెండు చిన్న లెక్కలు. ఒకటి, వేగాల కూడిక: 0.6 మీద మరో 0.6 అంటే కేలను గుణిస్తే చాలు, 2 × 2 = 4, వేగం (16 − 1) ÷ (16 + 1) = 0.88. రెండోది మ్యుయాన్, వాతావరణం పైపొరల్లో పుట్టి త్వరగా క్షయించే కణం: సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు, 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టి కాంతిలో 0.995 వంతు వేగంతో వస్తోందనుకోండి. నేల గడియారంలో 50 మైక్రోసెకన్లు పడుతుంది. అది 23 ఆయుష్షులు, వెయ్యి కోట్లలో ఒకటి మిగలాలి. గామా 10 కాబట్టి దాని గడియారంలో 5 మైక్రోసెకన్లే, వందలో పది మిగులుతాయి. దారిలో శక్తి కోల్పోవడాన్ని ఇందులో వదిలేశాం.

నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోవాల్సింది

మీ గుర్తుల ఒప్పందం. కొందరు కాలానికి ధన గుర్తు పెడతారు, కొందరు రుణ గుర్తు పెడతారు. రెండూ సరైనవే, రెండూ కలిపితే మాత్రం సర్వనాశనం. ఒక చోటి నుంచి మెట్రిక్ (అంతరం కొలిచే సూత్రం), మరో చోటి నుంచి వక్రత సూత్రం ఎత్తుకొచ్చి కలిపినప్పుడు వచ్చే తప్పు రోజుల తరబడి దొరకదు. అలాగే కాంతి వేగం 1 అని పెట్టుకున్నప్పుడు, చివర్లో ప్రమాణాలు సరిపోయేలా దాన్ని తిరిగి చొప్పించడం రెండు మూడు లెక్కల్లో సాధన చేయండి. చేతికి పనికొచ్చే అంకె: ఒక నానోసెకను అంటే 30 సెంటీమీటర్లు.

రెండో దశ: గురుత్వం ఎందుకు వక్రత?

గురుత్వం గురించి చెప్పేటప్పుడు తరచూ చూపించే, రబ్బరు షీటు మీద ఇనుప గుండు బొమ్మను కాసేపు పక్కన పెట్టండి. అందులో స్థలం మాత్రమే వంగుతుంది, కాలం లేదు. మన చుట్టూ పడే వస్తువుల విషయంలో మొత్తం కథ కాలం దగ్గరే ఉంది. ఈ లెక్క చేసి చూడండి.

2 సెకన్లలో తిరిగి చేతికొచ్చేలా బంతిని పైకి వేస్తే అది 4.9 మీటర్ల ఎత్తు వెళ్తుంది. 0.2 సెకన్లలో గురి తాకే బుల్లెట్ అదే సమయంలో 4.9 సెంటీమీటర్ల ఎత్తు విల్లులా వెళ్తుంది. గాలిలో చూస్తే రెండు వంపులకూ పోలికే లేదు. ఇప్పుడు కాలాన్ని కాంతి వేగంతో గుణించి పొడవుగా మార్చండి: బంతికి 6 లక్షల కిలోమీటర్లు, బుల్లెట్‌కు 60 వేల కిలోమీటర్లు. వంపు వ్యాసార్థం = పొడవు² ÷ (8 × ఎత్తు). రెండింటికీ ఒకే జవాబు, సుమారు 9.2 × 10¹⁵ మీటర్లు, కాంతి సంవత్సరంలో 0.97 వంతు. అది కాంతి వేగం² ÷ 9.8 తప్ప మరేమీ కాదు. ఏం విసిరినా, ఎలా విసిరినా అదే వంపు వస్తోందంటే అది వస్తువుది కాదు. సామాన్య సాపేక్షత ఇంకో అడుగు ముందుకేసి, బంతి గీతే నేరుగా ఉంది, కిందనుంచి నేల నెడుతున్నందువల్ల వంగింది మన గీతే అంటుంది.

మూడో దశ: వంగిన తలం మీద చేతులతో

ఇక్కడ బంతి, కాగితపు పట్టీలు తీయండి. పట్టీని ముడత పడకుండా, అంచు లేవకుండా బంతి మీద అతికించుకుంటూ పోతే అది తనంతట తానే పెద్ద వృత్తం వెంట వెళ్తుంది. అదే జియోడెసిక్. అక్షాంశ రేఖ వెంట అతికించబోతే ఒక అంచు ఉబ్బుతుంది. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు దీనికి పనికిరాదు, అది సాగి ఏ దారికైనా ఒదిగిపోతుంది.

ధ్రువం నుంచి భూమధ్యరేఖకు, దాని వెంట పావు చుట్టు, మళ్లీ ధ్రువానికి మూడు పట్టీలు వేయండి. మూడు మూలలూ 90 డిగ్రీలే, మొత్తం 270. అదనంగా వచ్చిన 90 డిగ్రీలను రేడియన్లలో రాస్తే π/2. త్రిభుజం వైశాల్యాన్ని వ్యాసార్థం²తో భాగిస్తే వచ్చేదీ π/2నే. ఒక బాణం గుర్తు కాగితాన్ని పట్టీలతో కోణం మారకుండా ఆ త్రిభుజం చుట్టూ జరిపి తెస్తే అది 90 డిగ్రీలు తిరిగి ఉంటుంది. వక్రత టెన్సర్ కొలిచేది ఈ తిరుగుడునే, అతి చిన్న చుట్టు మీద. విమానం దారితో కూడా సరిచూసుకోవచ్చు: హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పెద్ద వృత్తం గణిస్తే అది 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఆర్కిటిక్ మీదుగా వెళ్తుంది. చదును పటం మీద మాత్రం అది అనవసరపు చుట్టుదారిలా కనిపిస్తుంది.

ఆ తర్వాతే క్రిస్టాఫెల్ గుర్తులు, అంటే నిరూపక దిశలు చోటు మారేకొద్దీ ఎలా మారుతున్నాయో చెప్పే రాశులు. నేరుగా గోళం మీదికి పోవద్దు. ముందు చదును కాగితాన్ని ధ్రువ నిరూపకాల్లో తీసుకోండి: దూరం² = వ్యాసార్థ మార్పు² + వ్యాసార్థం² × కోణ మార్పు². ఇందులో సున్నా కాని గుర్తులు వస్తాయి: −వ్యాసార్థం, 1/వ్యాసార్థం. కాగితం మాత్రం చదునే. క్రిస్టాఫెల్ గుర్తులు సున్నా కాకపోతే వక్రత ఉన్నట్టేనని అనుకునే పొరపాటు ఈ ఒక్క అభ్యాసంతో పోతుంది. వక్రత లెక్కకట్టండి, అన్నీ కొట్టేసుకుని సున్నా వస్తుంది. తర్వాత గోళం చేస్తే 2 ÷ వ్యాసార్థం² మిగలాలి. ఈ రెండూ చేతితో చేసినవాళ్లు నాలుగు కొలతల లెక్కను కంప్యూటర్‌కు అప్పగించినా నష్టం లేదు. చేయకుండా అప్పగిస్తే తప్పుడు జవాబు వచ్చినా గుర్తుపట్టలేరు.

నాలుగో దశ: ష్వార్జ్‌షీల్డ్, గడియారాలు

గుండ్రటి ద్రవ్యరాశి చుట్టూ ఉన్న స్థలకాలాన్ని వర్ణిస్తూ 1916లో వచ్చిన ష్వార్జ్‌షీల్డ్ మెట్రిక్‌లో ‘వ్యాసార్థం’ అని రాసేది కేంద్రం నుంచి కొలిచిన దూరం కాదు. చుట్టుకొలతను 2πతో భాగిస్తే వచ్చేది. ఇది పట్టుకోకపోతే కృష్ణబిలం అధ్యాయం అంతా పొగమంచే.

జీపీఎస్ లెక్క చేయండి. భూమికి గురుత్వ స్థిరాంకం × ద్రవ్యరాశి ÷ కాంతి వేగం² = 4.435 మిల్లీమీటర్లు. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, ఉపగ్రహ కక్ష్య వ్యాసార్థం సుమారు 26,560, వేగం సెకనుకు 3.87 కిలోమీటర్లు. ఎత్తు వల్ల గడియారం ముందుకు పోయేది 4.435 మి.మీ. × (1/6,371 − 1/26,560), ప్రమాణాలు కలిపి చూస్తే 5.29 × 10⁻¹⁰, రోజుకు 45.7 మైక్రోసెకన్లు. వేగం వల్ల వెనకబడేది వేగం² ÷ (2 × కాంతి వేగం²), రోజుకు 7.2. నికరంగా 38.5 ముందుకు. కిలోమీటర్లనూ మిల్లీమీటర్లనూ ఒకే ప్రమాణంలోకి తేకుండా నొక్కేయడం ఇక్కడ జరిగే మామూలు తప్పు. ఈ 38.5ను కాంతి వేగంతో గుణించి ‘రోజుకు 11 కిలోమీటర్ల పొరపాటు’ అని రాయడం చాలాచోట్ల చూస్తాం. అది తొందరపాటు: అన్ని ఉపగ్రహాలూ దాదాపు సమానంగా ముందుకు పోతే రిసీవర్ తన గడియారపు తప్పుగా చాలా భాగం సర్దేసుకుంటుంది.

శ్రీహరికోట నుంచి ఎగిరిన నావిక్ (జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ) ఉపగ్రహాలకు అదే లెక్క మీరే చేయండి. కక్ష్య వ్యాసార్థం 42,164 కిలోమీటర్లు, వేగం 3.07. నికరంగా 46.5 మైక్రోసెకన్లు రావాలి. రెండు ప్రభావాలూ సరిగ్గా కొట్టేసుకునే కక్ష్య ఎక్కడ అన్నది ఇంకో మంచి ప్రశ్న: భూమి వ్యాసార్థానికి ఒకటిన్నర రెట్ల దగ్గర, అంటే సుమారు 3,185 కిలోమీటర్ల ఎత్తున.

బుధుడి కక్ష్య మొత్తంగా నెమ్మదిగా తిరుగుతుంది, చుట్టుకు అది ఎంతో రేడియన్లలో ఇచ్చే సూత్రం 6π × 1.4766 ÷ (కక్ష్య అర్ధ దీర్ఘాక్షం × (1 − 0.2056²)), అర్ధ దీర్ఘాక్షం 5.791 కోట్ల కిలోమీటర్లు, శతాబ్దానికి 415 చుట్లు. ఇందులో 1.4766 సూర్యుడికి గురుత్వ స్థిరాంకం × ద్రవ్యరాశి ÷ కాంతి వేగం² (కిలోమీటర్లలో), 0.2056 కక్ష్య ఉత్కేంద్రత. ఆర్క్‌సెకన్లలోకి మార్చితే 43 వస్తుంది.

ఐదో దశ: విశ్వం వయసు, వెయ్యి వరసల్లో

విశ్వం విస్తరణకు ఫ్రీడ్‌మన్ 1922లో ఇచ్చిన సమీకరణాన్ని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టవచ్చు. విశ్వం స్కేలును ‘అ’ అందాం, ఈరోజు అది 1. మొదటి నిలువు వరసలో 0.001 నుంచి 1 వరకు 0.001 చొప్పున పెంచుకుంటూ రండి. పక్క నిలువు వరసలో 0.001 ÷ √(0.315/అ + 0.685 × అ²). ఇందులో 0.315 పదార్థం వాటా, 0.685 కృష్ణశక్తి (విస్తరణను వేగవంతం చేసే శక్తి) వాటా. రెండో నిలువు వరస మొత్తం 0.951 దగ్గర తేలుతుంది. హబుల్ స్థిరాంకం (విశ్వం ఈరోజు విస్తరిస్తున్న రేటు, మెగాపార్సెక్‌కు సెకనుకు ఇన్ని కిలోమీటర్లని) 67.4 అయితే దాని విలోమం 1,450 కోట్ల సంవత్సరాలు. గుణిస్తే 1,380 కోట్లు.

0.685ను సున్నా చేసి, 0.315ను 1 చేయండి. మొత్తం 2/3కు పడిపోయి వయసు 967 కోట్లు అవుతుంది. అతి పాత నక్షత్రాల వయసు అంతకంటే ఎక్కువ. కృష్ణశక్తి లేకపోతే లెక్క ఎందుకు కుదరదో ఈ రెండు అంకెలు మారిస్తే కనిపిస్తుంది.

అదే షీటుతో మనకు కనిపించే విశ్వం హద్దు దూరం లెక్కకట్టబోతే మాత్రం దెబ్బ తింటారు. అక్కడ రెండో నిలువు వరసలోని ప్రతి విలువనూ మరోసారి ‘అ’తో భాగించాలి. ‘అ’ సున్నాకు దగ్గరయ్యేకొద్దీ విలువ కొండలా పెరుగుతుంది, మొదటి అడ్డ వరసలో రావలసినదాంట్లో సగమే వస్తుంది. అడుగులను సమానంగా కాక నిష్పత్తిలో పెంచుకుంటూ పోవాలి, పైగా కాంతి, న్యూట్రినోల వాటాగా సుమారు 0.00009ను ‘అ²’తో భాగించి వర్గమూలం లోపల కలపాలి. అప్పుడు 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గరికి వస్తారు.

ఎరుపు విస్థాపనం (దూరపు గెలాక్సీ కాంతి తరంగదైర్ఘ్యం సాగి రావడం) విషయంలో మొదటి దశ అలవాటు అడ్డొస్తుంది. ఒక గెలాక్సీ కాంతి తరంగదైర్ఘ్యం రెట్టింపయి వచ్చిందనుకోండి. కే 2 కాబట్టి వేగం 0.6 అని రాసేస్తారు. అది చదును స్థలకాలానికి చెల్లే లెక్క. ఇక్కడ రెట్టింపు చెప్పేది ఒకటే: కాంతి బయలుదేరినప్పుడు ‘అ’ 0.5. పై షీటుతో 0.5 నుంచి 1 వరకు దూరం కూడితే సుమారు 1,110 కోట్ల కాంతి సంవత్సరాలు, ఈరోజు ఆ దూరం పెరుగుతున్న వేగం కాంతిలో 0.76 వంతు. 1,450 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల ఉన్నవాటికి అది 1 దాటుతుంది. ఏ నియమమూ చెడలేదు, 45 డిగ్రీల హద్దు పక్కపక్కనే ఒకదాన్నొకటి దాటుకుపోయే వాటికి మాత్రమే.

చివరగా హబుల్ స్థిరాంకం గడిలో 67.4 తీసి 73 వేయండి, వాటాలను కదపకుండా. వయసు 1,274 కోట్లకు దిగుతుంది. మొదటి అంకె ఆదిమ విశ్వపు సూక్ష్మతరంగ కాంతి నుంచి, రెండోది సెఫీడ్ నక్షత్రాలు (వెలుగు క్రమంగా పెరిగి తగ్గేవి), సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) కొలతల నుంచి వచ్చినవి. వీటి మధ్య తగాదా ఇంకా తెగలేదు కాబట్టి షీటులో రెండు అంకెలకూ రెండు వరసలు ఉంచుకోండి.